45 వేల బరంపురం పట్టు: చీటీ మీద 'లగ్జరీ చేతిపని' అని రాస్తే సరిపోతుందా?

పెద్దబజారు_పద్మ

భువనేశ్వర్‌లో ఒక బొటిక్‌లో బరంపురం పట్టు చూశాం. మిరపపండు ఎరుపు ఒళ్ళు, చిలకపచ్చ అంచు, అంచు పొడుగునా ఫోడా గోపురాలు (పళ్ళలా వరసగా మొనదేలిన గోపురాల బొమ్మ). చీటీ మీద "వారసత్వ లగ్జరీ, నూటికి నూరుపాళ్ళు చేతిపని" అని ఉంది. ధర 45 వేలు. ఇక్కడ బరంపురం పెద్ద బజారులో కంటికి అచ్చం అలాంటిదే 14 వేలకి ఇస్తామంటున్నారు. బొటిక్ అమ్మాయిని తేడా ఏమిటని అడిగితే "ఇది క్రాఫ్ట్‌మన్‌షిప్ మేడమ్" అంది. ఇంకాస్త విడమర్చి చెప్పమంటే మళ్ళీ అదే మాట, ఈసారి కాస్త నెమ్మదిగా.

ఆ ఒక్క మాట ఖరీదు 31 వేలా? నిజంగా చేతిపనేనా కాదా తెలుసుకునే దారి ఉందా? మాఘంలో పెళ్ళి. రెండింట్లో ఏదో ఒకటి తేల్చుకోవాలి.

గంజాం_గాలి

ఇంగ్లీషులో అన్నందుకు 31 వేలు. ఒడియాలో అని ఉంటే పది. తెలుగులో అంటే బేరమాడేవాళ్ళం.

గుంటమగ్గం

పద్మ గారూ, రెండు చీరలూ తిరగేసి చూడండి. ముందువైపు ఎంతసేపు చూసినా తేలదు.

అసలు ఫోడా అంచుకి మూడు నాడెలు (పేక పోగుని అటూ ఇటూ మోసే పనిముట్లు) కావాలి. ఎడమ అంచుకి ఒకటి, ఒంటికి ఒకటి, కుడి అంచుకి ఒకటి. ప్రతి పేకకీ, అంటే అడ్డపోగుకీ, అంచు పోగు, ఒంటి పోగు ఒకదాన్నొకటి మెలేసుకుని ఎవరి దారిన వాళ్ళు వెనక్కి వెళ్తాయి. దాన్నే లంకె అంటాం. గద్వాల, చీరాల వైపు కుప్పడం అనేది కూడా ఈ పద్ధతే. గోపురం పంటి ఆకారం రావాలంటే లంకె పడే చోటు పేకపేకకీ కొన్ని పోగులు లోపలికి జరిగి, మొన దాకా వెళ్ళి, మళ్ళీ అదే లెక్కన వెనక్కి రావాలి.

చూడాల్సింది ఇది. అంచు చివర, చీర కొసన, సూదితో ఒక పేక పోగు అరంగుళం పైకి తీయండి. అది పచ్చగా ఉంటే అంచుకి వేరే నాడె వేసినట్టు. ఎర్రగా ఉంటే ఒంటి నాడే ఈ కొస నుంచి ఆ కొసకి పోయిందని, అంటే ఒక్క నాడె పని. అలాంటప్పుడు అంచు పడుగు (నిలువు పోగు) పచ్చ, పేక ఎరుపు కాబట్టి వెలుతురులో అంచుని అటూ ఇటూ తిప్పితే ఎర్ర జీర కొడుతుంది. మూడు నాడెల అంచు ఎటు తిప్పినా నిఖార్సైన పచ్చే.

రెండోది, వెనకవైపు అంచూ ఒళ్ళూ కలిసేచోట వేలితో రాయండి. లంకెలు సన్నటి గట్టులా తగులుతాయి. గోపురాల వెనక పోగులు వదులుగా తేలుతూ ఉంటే అది జకార్డు (బొమ్మకి కావలసిన పోగుల్ని తనే ఎత్తే పరికరం) మీద అదనపు పోగులతో తీసిన బొమ్మ. లంకె కాదు.

ఒక్క నాడెది నకిలీ అని మాత్రం అనకండి. అదీ చేనేతే కావచ్చు. పని వేరు, ధర వేరుగా ఉండాలి. అంతే.

లెక్కలమాస్టారు

గుంటమగ్గం చెప్పినదానికి అంకెలు తొడుగుతాను.

చీర 5.5 మీటర్లు, అంటే 216 అంగుళాలు. అంగుళానికి 60 పేకలు అనుకుంటే సుమారు 13 వేల పేకలు. రెండువైపులా లంకె కాబట్టి 26 వేల లంకెలు. పది రోజుల్లో దించాలంటే రోజుకి 1,300 పేకలు, మూడు నాడెలూ కలిపి 3,900 విసుర్లు. ఇదంతా మగ్గం సిద్ధం చేసే పని (పడుగు తోడడం, అచ్చు అతకడం) కాక.

ఇప్పుడు ఖర్చు. పట్టు 600 గ్రాములు, కిలో 6 వేలు అనుకుందాం, 3,600. జరీ, రంగు కలిపి 1,500. పడుగు పని 900. మగ్గం మీద మనిషికి రోజుకి 600, పక్కన అంచు నాడె వేసే మనిషికి 400, పది రోజులకి 10 వేలు. మొత్తం 16 వేలు. ఇవి నా ఊహ అంకెలే, ఎవరైనా మార్చుకోవచ్చు. కానీ ఎటు మార్చినా ఒక సంగతి తప్పదు. మూడు నాడెల చీర 14 వేలకి వస్తోందంటే ఒకటి అది మూడు నాడెలది కాదు, లేదా ఆ పది వేల కూలిలో ఎవరి వాటానో కోత పడింది. అందరూ 45 వేలని అనుమానిస్తున్నారు. నేను 14 వేలని కూడా అనుమానిస్తాను.

ఇచ్ఛాపురం_ఈవల

మాస్టారూ, కోత ఎవరి వాటాకో నేను చెప్పనా? పక్కన అంచు నాడె వేసే మనిషి వాటాకి. నూటికి తొంభై ఇళ్ళలో ఆవిడ ఇంటావిడే. ఆవిడకి కూలి అని వేరే లెక్క ఏటీ ఉండదు. మీరు రాసిన 400 కాగితం మీదే.

లెక్కలమాస్టారు

నిజమే. అప్పుడు 12 వేలకి దిగుతుంది. 14 వేలకి అమ్మినా లాభమే కనబడుతుంది. సరిగ్గా ఇక్కడే లెక్క అబద్ధమాడుతుంది.

గంజాం_గాలి

"నూటికి తొంభై" ఎవరు లెక్కపెట్టారు ఈవలా?

ఇచ్ఛాపురం_ఈవల

సరే, "చాలా ఇళ్ళలో". మాస్టారు ఉన్న చోట నోరు జారకూడదు.

సూదిదారం_రాయగడ

లగ్జరీ అనే మాటని మరీ అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. తోలు పనిలో ఒక ఉదాహరణ చూడండి. హెర్మెస్ 1837లో పారిస్‌లో గుర్రపు సామాన్లు కుట్టే దుకాణంగా మొదలైంది. వాళ్ళ బ్యాగులకి ఇప్పటికీ జీను కుట్టే వేస్తారు. ఒకే దారం, రెండు కొసలకీ రెండు సూదులు. దారం పొడుగు కుట్టు పొడుగుకి సుమారు నాలుగు రెట్లు తీసుకోవాలి, అది మైనం పట్టించిన నార దారం. ప్రతి రంధ్రంలోంచీ రెండు సూదులూ ఎదురెదురుగా దాటతాయి. రంధ్రాన్ని ఆరెతో ఏటవాలుగా పొడవాలి, ఎప్పుడూ ఒకే వాలు, లేకపోతే వెనకవైపు కుట్టు వంకర పోతుంది. రెండు చేతులూ ఒకే బలంతో లాగాలి. కుడిచేయి గట్టిగా, ఎడమచేయి మెల్లిగా లాగితే తోలు అలలు తేలుతుంది.

మిషను కుట్టులో పైదారం, కిందిదారం మధ్యలో ముడిపడతాయి. ఒకటి తెగితే వరసగా ఊడుతుంది. జీను కుట్టులో ఒకవైపు తెగినా రెండోవైపు పోగు పట్టి ఉంచుతుంది. గుర్రం పరుగెత్తుతుంటే జీను ఊడితే మెడ విరుగుతుంది కాబట్టి ఆ కుట్టు పుట్టింది. చేతి సంచీకి అంత బలం దేనికి? అవసరం పోయింది, పద్ధతి మిగిలింది. నా దృష్టిలో లగ్జరీ అమ్మేది ఆ మిగిలిన పద్ధతినే. వాళ్ళ బిర్కిన్ అనే బ్యాగు ఒకటి ఒక్క మనిషే మొదటినుంచి చివరిదాకా కుడతాడు, 18 నుంచి 20 గంటలు పడుతుంది అంటారు.

వాచీ_పిచ్చి

ఇదే సంగతి గడియారాల్లో ఇంకా ముదిరిపోయింది. ఖరీదైన స్విస్ వాచీ లోపల పలకల అంచుల్ని 45 డిగ్రీల వాలుకి చెక్కి అద్దంలా మెరిపిస్తారు. బయటికి తిరిగిన మూలలు మిషను చేస్తుంది. లోపలికి తిరిగిన మూల మాత్రం చేయలేదు, ఎందుకంటే గుండ్రంగా తిరిగే పనిముట్టు ఎంత సన్నదైనా మూలలో ఎంతో కొంత గుండ్రం వదులుతుంది. కత్తితో కోసినట్టు రెండు వాలులూ ఒక గీత మీద కలవాలంటే చేత్తో ఆకురాయి పట్టాల్సిందే. అందుకే తెలిసినవాళ్ళు భూతద్దం పెట్టుకుని ముందు ఆ లోపలి మూలలే వెతుకుతారు. ఫిలిప్ డుఫోర్ అనే ఆయన మెరుగుకి జెన్షియన్ అనే పర్వత మొక్క కాడని వాడతాడు, మెత్తటి ముద్ద పూసి.

వాచీ టైము చూపడానికి ఇందులో ఏదీ అక్కర్లేదు.

గంజాం_గాలి

అంటే టైము చూసుకునే తీరిక లేనివాళ్ళు కొనే వాచీ.

కిమిడి_కొమ్ముపని

@సూదిదారం, "అవసరం పోయింది, పద్ధతి మిగిలింది" బాగుంది గానీ అన్నిటికీ అతకదు. పర్లాకిమిడి కొమ్ము పనిలో చేతికి వేరే దారే లేదు. కారణం కొమ్మే. ఒకటి ఇంకోదానిలా ఉండదు.

కొమ్ము మొదలు బోలు, మొన గట్టి. బోలు భాగం దువ్వెనలకీ పలకలకీ, గట్టి మొన కొంగ, రొయ్య బొమ్మలకీ. ముందు రంపంతో రెండూ వేరు చేస్తారు. బోలు ముక్కని పొడుగునా చీల్చి బొగ్గుల సెగ మీద తిప్పుతూ వేడిచేస్తారు. మెత్తబడగానే చెక్కల మధ్య బిగించి చల్లారేదాకా కదపకూడదు. తొందరపడి వేడిమీద విప్పితే మళ్ళీ పాత వంకరకే తిరుగుతుంది. సెగ ఎక్కువైతే జుట్టు కాలిన వాసన, తర్వాత లోపల పొరలు విడిపోయి తెల్ల మచ్చ. ఆ మచ్చ ఎంత అరగదీసినా పోదు, ఇంకా లోతుకే పోతుంది. ముక్క పారేయాల్సిందే. ఏ కొమ్ముకి ఎంత సెగ అన్నది దాని దళసరి, ఎండిన కాలం బట్టి మారుతుంది, దానికి కొలబద్ద లేదు. ఆ తర్వాత ఆకురాయి, గాజు పెంకుతో గీకుడు, గరుకు కాగితం, చివర బొగ్గుపొడి నూనెలో కలిపి గుడ్డతో రుద్దుడు.

పారిస్‌లో గేదె కొమ్ముతో కళ్ళజోడు ఫ్రేములు చేసి లక్షల్లో అమ్మే ఇళ్ళున్నాయి. పదార్థం అదే, సెగ అదే, వంచే కిటుకు అదే. ఇక్కడ దువ్వెనకి వంద అంటే "ప్లాస్టిక్‌ది ఇరవైకి వస్తుంది కదా" అంటారు.

ఇచ్ఛాపురం_ఈవల

దువ్వెనా కళ్ళజోడూ ఒకటేనా? కళ్ళజోడుకి ముక్కు కొలత తీసుకోవాలి, రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండవు, సరిచేయడానికి మనిషి మళ్ళీ మళ్ళీ రావాలి. ఆ ధరలో సగం ఆ కొలతదే.

కిమిడి_కొమ్ముపని

ఒప్పుకుంటాను. కొన్నవాడు మళ్ళీ వచ్చి "ఇది ఇలా బిగుతుగా ఉంది" అంటే సరిచేసి పంపడం కూడా పనిలో భాగమే. ఇక్కడ అంగడి మీద అమ్మేశాక పని చేసినవాడికీ కొన్నవాడికీ మళ్ళీ ముఖాముఖం లేదు. పోతే, ఇళ్ళలో కొమ్ము బొమ్మలున్నవాళ్ళకి ఒక మాట: నీళ్ళలో నానబెట్టకండి, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. ఆరు నెలలకోసారి చుక్క కొబ్బరినూనె. ఉన్నిని తినే పురుగే కొమ్మునీ తింటుంది, సన్నటి రంధ్రాలు కనిపిస్తే వెంటనే మిగతావాటి నుంచి వేరు చేయండి.

జయపురం_జిగురు

కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేత సంగతి ఎవరూ ఎత్తలేదేం. 2005లో ఒడిశాలో మొట్టమొదట జీఐ (ఊరి పేరు మీద ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చింది ఆ బట్టకే. మీరంతా మాట్లాడే "లగ్జరీ" కొలతలకి అది నిలబడదు, అయినా దాన్ని మించిన పని లేదు.

నూలుకి పేడ, ఆముదం, బూడిద నీళ్ళు పట్టించి, ఎండబెట్టి, పిసికి, మళ్ళీ పట్టించి, ఇలా పదిహేను ఇరవై రోజులు. అప్పుడుగానీ ఆల్ (తొగరు) చెట్టు వేరు బెరడు రంగు పోగులోకి దిగదు. నూనె సరిగ్గా పట్టని చోట రంగు పైపైన కూర్చుంటుంది, మొదటి ఉతుకులోనే పాలిపోతుంది. ముదురు కావాలంటే హిరాకాసు (అన్నభేది) కలుపుతారు. అది ఎక్కువైతే పోగు పెళుసెక్కి కొన్నేళ్ళకి నల్ల గీతల దగ్గరే చిరుగుతుంది. వేరు ముదురుదైతే కెంపు, లేతదైతే వెలవెల. అందుకే ఒక దఫా నూలు ఇంకో దఫాతో కలవదు. ఆ పని చేసిన గోవర్ధన్ పాణికకి 2018లో పద్మశ్రీ వచ్చింది.

కొత్త బట్ట నెలల తరబడి ఆముదం వాసన వేస్తుంది. పెద్ద పట్టణం కొట్లవాళ్ళు వాసన పోగొట్టి పంపమంటారు. ఆ వాసన పోవాలంటే నూనె పోవాలి. నూనె పోతే రంగు ఆగదు. ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

గంజాం_గాలి

"సేంద్రియ పరిమళం" అని చీటీ వేస్తే రెట్టింపు ధరకి పోతుంది జిగురన్నా.

షోలాపూర్_తెలుగోడు

ఇటువైపు జరిగింది మీకు తెలిసే ఉంటుంది. 2025 జూన్‌లో మిలాన్‌లో ఇటలీ సంస్థ ప్రాడా మగవాళ్ళ ఫ్యాషన్ షోలో కొల్హాపురి తరహా చెప్పులు నడిపించింది. వివరంలో "తోలు చెప్పులు" అని మాత్రమే ఉంది. గోల అయ్యాక భారతీయ చెప్పులే ప్రేరణ అని ఒప్పుకున్నారు. కొల్హాపురికి జీఐ 2019లోనే వచ్చింది, మహారాష్ట్రలో 4 జిల్లాలు, కర్ణాటకలో 4. షోలాపూర్ కూడా అందులో ఉంది.

నన్ను ఎక్కువ కదిలించింది ధర కాదు. ఆ చెప్పు ఎలా నిలబడుతుందో ఆ వివరంలో ఒక్క మాట లేకపోవడం. తుమ్మ బెరడు, కరక్కాయతో తోలు ఊనడం (పదును చేయడం), చెప్పు అడుగు పొరల్ని తోలు తాడుతోనే కుట్టడం, ఒక్క మేకు లేకపోవడం. పని పేరు చెప్పకుండా రూపం మాత్రం తీసుకున్నారు.

ఇచ్ఛాపురం_ఈవల

పేరు చెప్తే సరిపోద్దా? అక్కడా లోపల ఏటుందో సూడండి. 2024 జూన్‌లో మిలాన్ కోర్టు ఒక పేరుమోసిన ఫ్రెంచ్ సంస్థ ఇటలీ విభాగాన్ని పర్యవేక్షణ కింద పెట్టింది. కొట్లో 2,600 యూరోల బ్యాగు. దాన్ని కూర్చి ఇచ్చిన చిన్న కార్ఖానాకి 53 యూరోలు, తోలు ఖర్చు కాకుండా. "ఇటలీలో తయారు" అన్న ముద్ర అబద్ధం కాదు. ఎవరు, ఏ కూలికి అన్నది ఆ ముద్రలో లేదు, అంతే.

సూదిదారం_రాయగడ

అన్ని సంస్థల్నీ ఒకే గాటన కట్టొద్దు. ఫ్రెంచ్ ఫ్యాషన్ సంస్థ షనెల్ 2002లో లెసాజ్ అనే పాత బుటేదారీ (సూదితో బట్ట మీద బొమ్మలు కుట్టే) కార్ఖానాని కొని నిలబెట్టింది. లేకపోతే ఆ సూది పని ఈపాటికి పోయేదేమో.

లెక్కలమాస్టారు

కొనడం వేరు, నిలబెట్టడం వేరు. కానీ ఆ ఉదాహరణ వరకు ఒప్పుకుంటాను.

పెద్దబజారు_పద్మ

మిలాన్ దాకా వెళ్ళిపోయారు, నా చీర ఇక్కడే ఉంది. ఒకటి అడగాలి. బొటిక్ చీరకి సిల్క్ మార్క్ ఉంది. అది ఉంటే చేతిపని అన్నట్టేనా?

జయపురం_జిగురు

కాదు. మూడు చీటీలు మూడు సంగతులు చెప్తాయి. సిల్క్ మార్క్ కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004 నుంచి ఉంది. లోపల ఉన్నది స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే చెప్తుంది. మరమగ్గం మీద నేసిన పట్టుకి కూడా ఇస్తారు. చేనేత ముద్ర 2006లో వచ్చింది. అది చేమగ్గం అని చెప్తుంది, పట్టు సంగతి చెప్పదు. జీఐ ఊరి పద్ధతిని కాపాడుతుంది, ఆ ఒక్క చీర ఎంత బాగా నేశారో చెప్పదు. మూడూ ఉన్నా లంకె మీరే చూసుకోవాలి.

పట్టు పరీక్ష కావాలంటే కొసన రెండు పోగులు తీసి కాల్చండి. జుట్టు వాసన వచ్చి, నలిపితే పొడయ్యే బూడిద వస్తే పట్టు. కరిగి గట్టి పూసలా అయితే పాలిస్టర్. పడుగు పోగు, పేక పోగు విడివిడిగా కాల్చాలి. పడుగు పట్టు, పేక వేరేది పెట్టేవాళ్ళున్నారు. జరీ గీకితే ఎర్ర రాగి కనిపిస్తే టెస్టెడ్ జరీ, తప్పేమీ కాదు, వెండి ధర మాత్రం ఇవ్వకండి.

బరువుకి కూడా మోసపోకండి. పచ్చి పట్టులో సెరిసిన్ అనే జిగురు 20 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. సబ్బు, సోడా నీళ్ళలో ఉడకబెట్టి అది తీస్తే కిలో పట్టు ముప్పావు కిలో చిల్లర అవుతుంది. సగం ఉడికించి ఆపేస్తే బరువు మిగులుతుంది. చేతికి బిరుసుగా, "నిండుగా" ఉంటుంది. కొన్నవాళ్ళు మురిసిపోతారు. రెండేళ్ళకి మడత దగ్గర తెలుస్తుంది. సోడా ఎక్కువైతే ఎదురు జబ్బు, మెరుపు చచ్చి పోగు బలహీనపడుతుంది.

నవరంగ్_బొటిక్

వ్యాపారం వైపు నుంచి ఒక మాట. 45 వేలు పూర్తిగా దోపిడీ అనకండి. కొట్టు అద్దె, ఏడాది అమ్ముడుపోని సరుకు, ఫోటోలు, తిరిగొచ్చే చీరలు ఇవన్నీ అందులోనే. పైగా చేతిపని అన్నాక చిన్న చిన్న లోపాలు సహజం. ఆ లోపాలే చేతిపనికి సాక్ష్యం, అందం.

గుంటమగ్గం

అద్దె సంగతి ఒప్పుకుంటాను. చివరి మాట మాత్రం ఒప్పుకోను. ఈ "లోపమే అందం" ఎవరు కనిపెట్టారో గానీ చెడ్డ పనికి దుప్పటి కప్పడానికి బాగా పనికొస్తోంది. మగ్గం మీద కూర్చున్నవాడెవడూ లోపం పెట్టాలని కూర్చోడు. లంకె బిగువు పేకపేకకీ ఒకేలా ఉండాలి. గట్టిగా లాగితే అంచు ముడత పడుతుంది, వదిలేస్తే కలిసేచోట కన్నాలు కనబడతాయి. అంచు పడుగు బిగువు ఒకలా, ఒంటి పడుగు బిగువు ఒకలా ఉంటే ఉతికాక అంచు గిడసబారుతుంది. ఇవి అందం కాదు. పని రాకపోవడం, లేదా కూలి చాలక తొందర పడటం.

మనిషి చేతికీ యంత్రానికీ తేడా లోపంలో ఉండదు. మధ్యలో నిర్ణయం తీసుకోవడంలో ఉంటుంది. వానాకాలం గోపాల్‌పూర్ గాలికి పోగు సాగుతుంది, బిగువు మార్చాలి. వేసవిలో తెగుతుంది, మగ్గం కింది గుంటలో తడి ఉంచాలి. ఈ మార్పులు సరిగ్గా జరిగితే చీరలో ఏమీ కనబడదు.

వాచీ_పిచ్చి

ఈ పోస్టుకి ఫ్రేము కట్టించాలి. స్విస్ వాళ్ళూ అంతే, గీత పడితే ఆ ముక్క తిరిగి మొదటికే.

కిమిడి_కొమ్ముపని

ఒక సవరణ. కొమ్ములో సహజంగా వచ్చే చార లోపం కాదు, ఆకురాయి గీత లోపం. పదార్థం ఇచ్చిన తేడా వేరు, చెయ్యి ఇచ్చిన తేడా వేరు. కొట్లవాళ్ళు రెండూ కలిపేసి అమ్ముతారు.

షోలాపూర్_తెలుగోడు

ఇద్దరి పనిని ఒక్కరే చేసేలా మూడు నాడెల మగ్గానికి పరికరాలు వచ్చాయి కదా. అవి పెడితే అది చేతిపనేనా?

గుంటమగ్గం

నాకైతే చేతిపనే. లంకె పడుతోంది, బిగువు మనిషే చూస్తున్నాడు. పక్కన రోజంతా కూర్చునే ఆవిడకి విడుదల. చీటీ స్వచ్ఛత కోసం ఆవిడ నడుం విరగ్గొట్టక్కర్లేదు.

సూదిదారం_రాయగడ

నేను ఒప్పుకోను. ఇవాళ ఆ మనిషిని తీసేస్తాం, రేపు రెండో మనిషిని. గీత ఎక్కడ గీస్తారు?

గుంటమగ్గం

1985 చేనేత కేటాయింపు చట్టం అంచు చీరల్ని చేమగ్గానికే కేటాయించింది. గీత కాగితం మీద అప్పుడే గీశారు. మరమగ్గం వాళ్ళు దాని మీదినుంచి రోజూ నడిచి వెళ్తున్నారు. మీరు ముందు అటు చూడండి, తర్వాత ఆవిడ సంగతి మాట్లాడదాం.

ఇచ్ఛాపురం_ఈవల

ఒకటి అంటాను, కోప్పడకండి. బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణీ జాత్ర. అమ్మవారు పుట్టింటికొస్తుంది. ఆ పుట్టిల్లు ఎవరిది? నేతవారి పెద్ద దేశిబెహెరాది. పూరీ జగన్నాథుడికి ఇక్కడి పట్టూ కడతారు. నేతగాణ్ణి దేవతకి తండ్రిని చేసిన ఊరది. అలాంటి ఊరి చీరకి చీటీ కట్టి నేసినవాడి పేరు తప్ప అన్నీ రాశారు.

సూదిదారం_రాయగడ

హెర్మెస్ బ్యాగులోనూ పేరుండదు ఈవలా. కుట్టినవాడి గుర్తు ఒకటి ముద్ర కొడతారు. అది ఎవరిదో సంస్థకి తెలుసు, కొన్నవాడికి తెలియదు. మరమ్మతుకి వస్తే ఎవరి చేతిదో చూసుకోడానికి.

లెక్కలమాస్టారు

కనీసం ఆ మాత్రం ఉన్నా బాధ్యత ఉంటుంది. పద్మ గారూ, బొటిక్‌లో నేసినవాళ్ళ పేరు అడిగారా?

పెద్దబజారు_పద్మ

అడిగాను. "పాలసీ కాదు మేడమ్" అన్నారు.

ఈ రోజు అన్నీ చూసొచ్చాను. బొటిక్ చీర అంచు పేక పచ్చే, గట్టు వేలికి తగిలింది. మూడు నాడెలది నిజమే. పెద్ద బజారు 14 వేలది, పోగు తీస్తే ఎర్రగా వచ్చింది. మాస్టారి అనుమానం నిజమైంది. కొట్టాయన్నే "మూడు నాడెలది చూపించండి" అంటే ముందు ఎగాదిగా చూసి, తర్వాత లోపల్నుంచి ఇంకో చీర తెచ్చారు. 19 వేలు. నేసిన ఇల్లు రెండు వీధుల అవతలే, కావాలంటే మాట్లాడిస్తామన్నారు.

ఆ 19 వేల దాంట్లో రెండు సంగతులు. భూతద్దం పెట్టి లెక్కపెడితే ఒకచోట అంగుళానికి 60, ఇంకోచోట 57. కుడి అంచులో కొంగు దగ్గర మూడు పేకల మేర లంకె తప్పింది, సన్నటి చీలిక కనబడుతోంది. తీసుకోవచ్చా?

గుంటమగ్గం

60కి 57 ఫరవాలేదు. నేసిన బట్టని చుట్టు తిప్పి మళ్ళీ మొదలుపెట్టిన చోట అంత తేడా వస్తుంది. వెలుతురుకి పట్టి చూస్తే అడ్డంగా చార కనబడకపోతే వదిలేయండి. 50కి పడితే చార కనబడుతుంది, అప్పుడు వద్దు.

లంకె తప్పడం మాత్రం లోపమే. ధర తగ్గించమని అడక్కండి, సరిచేసి ఇమ్మని అడగండి. కొంగు కుచ్చు దగ్గర మిగిలిన అదే చీర పోగు తీసుకుని, సన్న సూదితో వెనకవైపు నుంచి ఒక్కో పేకకీ అంచు పోగునీ ఒంటి పోగునీ కలిపి మెలేయాలి. మూడు పేకలే కాబట్టి అరగంట పని. కొసలు అరంగుళం వదిలేయాలి, మొదలంటా కత్తిరిస్తే జారిపోతుంది. బయట రఫూ వాళ్ళకి ఇవ్వకండి, వాళ్ళు రెండువైపులా కలిపి కుట్టేస్తారు, అక్కడ అంచు గుంజుకుపోతుంది. నేసిన ఇల్లు రెండు వీధుల అవతలే అన్నారుగా, అక్కడికే పట్టుకెళ్ళండి.

పెద్దబజారు_పద్మ

వెళ్ళొచ్చాను. సరిచేసింది ఆయన కాదు, ఆవిడ. ఇరవై నిమిషాలు పట్టింది.

గంజాం_గాలి

మాస్టారూ, ఆ 400 లెక్కలో వేసుకోండి.